ఉరిశిక్ష పడ్డ మనిషి ఫైలు మీద పని చేస్తున్నా, ఇంట్లో అమ్మ మాట్లాడట్లేదు

హన్మకొండ_జూనియర్ | ఆదివారం, రాత్రి 10:12

నమస్తే అందరికీ. నేను అదాలత్‌లో ప్రాక్టీస్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది. మా సీనియర్ దగ్గరికి ఒక ఫైలు వచ్చింది. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది, ఇప్పుడు హైకోర్టులో ఉంది. వాదించేది హైదరాబాద్ వాళ్లు. మా పని వేరే. ఆ మనిషి పుట్టిన ఊరికి వెళ్లి చిన్నప్పటి సంగతులు, బడి కాగితాలు, ఆస్పత్రి చీటీలు పోగు చేసుకుని రావాలి. ఏ కేసు, ఏ ఊరు అని అడగొద్దు, చెప్పను.

అమ్మకు విషయం తెలిసింది. "వాని దిక్కు నువ్వా?" అని ఒక్క మాట అంది. అన్నం పెట్టి, గిన్నె కొంచెం గట్టిగా పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మూడు రోజులైంది. నాన్నేమో "నీకు సివిల్ కేసులు దొరకవా" అంటాడు. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇంట్లో ఏం చెప్పారు?

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, రాత్రి 10:31

మీ అమ్మ కరెక్ట్ తమ్ముడూ.

పదేళ్ల నుంచి కోర్టు దగ్గర జిరాక్స్ దుకాణం నడుపుతున్నా. మీ నల్లకోట్ల కాగితాలన్నీ నా మెషిన్‌లోంచే పోతాయి. 2019 గుర్తుందా? హన్మకొండలో డాబా మీద అమ్మ పక్కన పడుకున్న తొమ్మిది నెలల పసిపాప. జూన్‌లో నేరం, ఆగస్టు 8న ఉరిశిక్ష. రెండు నెలలు కూడా కాకముందే తీర్పు వచ్చిందని ఊరంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టిన. నవంబర్ వచ్చేసరికి హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలు అని మార్చింది. ఆ రోజు దుకాణం మూసి ఇంటికి పోయిన. ఇప్పుడు మీరందరూ వచ్చి సెక్షన్లు చెప్తారు. ఆ తల్లికి ఏం చెప్తారు?

నల్లకోటు_1994 | ఆదివారం, రాత్రి 11:20

జిరాక్స్ తమ్ముడికి సెక్షన్ కాదు, పద్ధతి చెప్తాను. సెషన్స్ జడ్జి ఉరి వేసినా అది అప్పటికప్పుడు అమలయ్యే శిక్ష కాదు. హైకోర్టులో కనీసం ఇద్దరు జడ్జీలు ఫైలు మొత్తం మళ్లీ చదివి ఖాయం చేయాలి. క్రిమినల్ కేసులు నడిపే పాత చట్టం సీఆర్పీసీలో సెక్షన్ 366, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 407. ఎవరూ అప్పీలు వేయకపోయినా ఫైలు దానంతటదే పైకి పోతుంది. 2019లో హైకోర్టు ఎవరి మీదో జాలిపడి మధ్యలో దూరలేదు, చూడాల్సిన ఫైలే చూసింది. (చూశారా, సెక్షన్ చెప్పనే చెప్పాను. అలవాటు.)

ఇక టీవీలో రోజూ వినే "అరుదైన వాటిలో అరుదైన" అన్న మాట 1980 నాటి బచన్ సింగ్ తీర్పుది. ఉరిశిక్ష రాజ్యాంగానికి విరుద్ధం కాదని నలుగురు జడ్జీలు, విరుద్ధమేనని జస్టిస్ భగవతి ఒక్కరు. నేరం ఎంత ఘోరమో చెప్పడానికే ఆ మాట వాడేస్తున్నారు. తీర్పులో రెండో సగం కూడా ఉంది: నేరాన్ని ఎంత చూస్తామో నేరం చేసిన మనిషినీ అంత చూడాలి, ఇతను ఇక మారడని ప్రభుత్వమే రుజువు చేయాలి. ఆ రెండో సగం ఎవరూ చదవరు.

కోర్టులో ఎలా జరుగుతుందో చెప్తా. పదకొండు గంటలకు నేరం రుజువైంది అంటారు. లంచ్ తర్వాత బోనులో నిలబెట్టి "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా" అని అడుగుతారు. చాలామందికి ఆ ప్రశ్నే అర్థం కాదు. "నేను చెయ్యలే సార్" అని మళ్లీ మొదటికొస్తారు. లాయర్ లేచి "వయసు చిన్నది, ముసలి తల్లిదండ్రులున్నారు, మొదటి నేరం, కనికరించండి" అంటాడు. మూడు ముక్కలు. ఒకసారి నేనూ ఆ మూడు ముక్కలే చెప్పి కూర్చున్నాను. మా గుమాస్తా వెనక నుంచి "అయిపోయిందా సార్?" అన్నాడు. శిక్ష తర్వాత పైకోర్టులో తగ్గింది. అందులో నా గొప్పేమీ లేదు, కానీ ఆ "అయిపోయిందా సార్" మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మూడు ముక్కల పద్ధతి చెల్లదని చెప్పింది. చదువు, కుటుంబం, పెరిగిన తీరు, మానసిక స్థితి, జైల్లో నడవడిక, అన్నీ కింది కోర్టులోనే తెప్పించుకోవాలి అంది. జూనియర్ బాబూ, నీ బస్సు టికెట్ ఆ తీర్పు పుణ్యమే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. కక్షిదారు వివరాలు పొరపాటున కూడా ఇక్కడ పెట్టకు.

డల్లాస్_ఓరుగల్లు | సోమవారం, ఉదయం 6:05

ఇంత రీసెర్చ్ ఎందుకండీ? జనం కట్టిన టాక్సులతో జీవితాంతం బిర్యానీ పెట్టాలా? ఒక తాడు ఎంతవుతుంది?

పాత_వార్డర్ | సోమవారం, ఉదయం 7:48

బిర్యానీ ఎక్కడిదయ్యా. నువ్వు అక్కడ తింటున్నట్టున్నావు.

నేను వరంగల్ జైల్లో డ్యూటీ చేసిన. ఉరిశిక్ష పడ్డవాళ్లను చూసిన. పైకోర్టుల్లో అంతా తేలేదాకా వాళ్లను ఒంటరి కొట్లో వేయకూడదని 1978లోనే సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అన్ని చోట్లా అట్లనే జరిగిందా అంటే నేను చెప్పలేను. నేను చూసినవాళ్లలో ఒకతను ఉండేవాడు, పేరెందుకు. తన రెండు జతల బట్టలు, ఒక దువ్వెన, తల్లి రాయించిన ఉత్తరాలు ఎప్పుడూ సంచిలో సర్ది, మూతి ముడేసి పెట్టుకునేవాడు. ఏడాది పొడుగునా. వేళ కాని వేళ తాళాల గుత్తి చప్పుడైతే లేచి నిలబడేవాడు. మేము మీటరు రీడింగ్ చూడడానికి పోయినా అంతే. చేసిన పని తప్పే, కాదనను. ఆ సంచి గురించి మా ఇంటామెకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెప్తున్నా.

ఆ జైలు కూడా లేదిప్పుడు. 1886 నాటి కట్టడం. 2021లో ఖైదీలను తరలించి, కూల్చి, ఆ జాగాలో పెద్దాస్పత్రి కడుతున్నారు.

నర్సంపేట_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:15

వార్డర్ గారూ, హైదరాబాద్‌లో ముషీరాబాద్ జైలుదీ అదే కథ. ఇప్పుడు అక్కడ గాంధీ ఆస్పత్రి ఉంది. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, 1975 డిసెంబర్ 1న ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీసింది ఆ జైల్లోనే. అదే ఏడాది మేలో ఒకసారి ఉరికి అంతా సిద్ధమైంది. కన్నబిరాన్ లాంటి లాయర్లు చివరి గడియలో కోర్టు తలుపు తట్టి ఆపించారు. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. డిసెంబర్‌లో తలుపు తెరుచుకోలేదు. అప్పుడు మా ఊళ్లో రేడియో ఉన్న ఇల్లు ఒక్కటే. వార్త చెప్పుకునేటప్పుడు కూడా జనం గొంతు తగ్గించి చెప్పుకున్నారు.

తర్వాత 1997లో చిలకలూరిపేట బస్సు కేసు. ఇద్దరు కుర్రాళ్లు. మార్చిలో ఉరి తేదీ పెట్టారు. రచయిత్రి మహాశ్వేతాదేవి పేరు మీద వేసిన పిటిషన్‌తో సుప్రీంకోర్టు చివరి రాత్రి ఆపింది. 1998లో రాష్ట్రపతి నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఇక్కడి హక్కుల సంఘాలవాళ్లు అప్పుడు చాలా తిరిగారు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పి, తర్వాత నల్లకోటు వేసుకున్న బాలగోపాల్ గారు ఉరిశిక్షే వద్దని చివరిదాకా అన్నారు.

కాజీపేట_జంక్షన్ | సోమవారం, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ చిలకలూరిపేట బస్సులో 23 మంది కాలిపోయారు. ఇంత పొడుగు రాసి, వాళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదేం?

నర్సంపేట_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:02

రాయాల్సింది. తప్పు నాదే.

జనగామ_అక్క | సోమవారం, రాత్రి 9:26

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నా. నేను రెండో వైపు మనిషిని. మా చెల్లెలిని చంపారు. మా కేసులో ఉరి పడలేదు, యావజ్జీవం పడింది. ఉరి పడితే బాగుండేదా అని ఎంతమంది అడిగారో. మొదట్లో అవుననేదాన్ని. ఇప్పుడు అడిగితే లేచి వెళ్లిపోతాను.

నాకు కోపం శిక్ష మీద కాదు. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వాయిదా ఎప్పుడో పక్కింటావిడ పేపర్లో చూసి చెప్పేది. అమ్మ బస్సెక్కి పొద్దున్నే కోర్టుకు పోతే, జడ్జి సెలవులో ఉన్నారని సాయంత్రం నాలుగింటికి చెప్పేవాళ్లు. నష్టపరిహారం అనేది ఒకటుంటుందని, న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చని మూడేళ్లకు తెలిసింది, అదీ పక్క గది ముందు కూర్చున్న ఒక ముసలాయన చెప్తే. అవతలివాడికి ఒక లాయర్ ఉన్నాడు. మా వైపు ప్రభుత్వ లాయర్ ఉన్నాడంటారు. ఆయన మా అమ్మ ముఖం చూసింది సాక్ష్యం రోజు ఒక్కసారే.

జూనియర్ తమ్ముడూ, నువ్వు వాడి చిన్నతనం రాసుకో, తప్పు లేదు. మా చెల్లెలి చిన్నతనం మాత్రం ఏ కాగితం మీదా లేదు.

లా_స్టూడెంట్_కేయూ | మంగళవారం, రాత్రి 12:10

అక్కా, మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు.

కాజీపేట అన్నకు మాత్రం ఒక సంగతి. నిఠారి కేసు విన్నారు కదా. నోయిడాలో మురికి కాలువలో పిల్లల ఎముకలు దొరికిన కేసు. అంతకంటే ఘోరం ఉండదని దేశమంతా అంది. 2014 సెప్టెంబర్‌లో, ఆ కేసులో శిక్ష పడ్డ మనిషికి తెల్లారితే ఉరి అనుకున్న రాత్రి లాయర్లు జడ్జి ఇంటికి పోయి స్టే తెచ్చారు. అప్పుడు వాళ్లను ఎంత తిట్టారో. 2015లో అలహాబాద్ హైకోర్టు, క్షమాభిక్ష అర్జీ మీద ఏళ్ల తరబడి ఆలస్యం చేశారని యావజ్జీవంగా మార్చింది. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసునే మళ్లీ తెరిచి నిర్దోషి అంది. ఆ రాత్రి స్టే రాకపోయి ఉంటే?

ఇంకోటి, 1982 నాటి హర్బన్స్ సింగ్ కేసు. ముగ్గురికి ఒకే నేరంలో ఒకే శిక్ష, ఉరి. ముగ్గురూ వేరువేరుగా సుప్రీంకోర్టుకు పోయారు. ఒకరికి ఒక బెంచ్ యావజ్జీవం చేసింది. ఇంకొకరి పిటిషన్ కొట్టేశారు, 1981 అక్టోబర్‌లో ఉరి తీశారు. మూడో మనిషి ఉరి ఆఖరి క్షణంలో ఆగింది. అప్పుడు గానీ ఎవరూ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడలేదు. మా క్లాసులో ఈ కేసు చదివిన రోజు క్యాంటీన్‌లో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

డబ్బు సంగతి కూడా అడిగారు కాబట్టి: ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఉరిశిక్ష పడ్డవాళ్లను జైళ్లలో కలిసి 2016లో నివేదిక ఇచ్చారు. అందులో 74 శాతం మంది ఆర్థికంగా వెనకబడినవాళ్లే.

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 8:00

రెండు పోస్టులు తీసేశాను. నిందితుల ఫొటోలు, కులం పేర్లు, "ఎన్‌కౌంటర్ చేయాలి" లాంటివి ఇక్కడ వద్దు. బాధితుల పేర్లు అసలే వద్దు.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, ఉదయం 9:15

తీసేసినవాటిలో ఒకటి నాదే. సరే, మర్యాదగా రాస్తా.

2008లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. కొన్ని రోజుల్లోనే మామునూరు దిక్కు ముగ్గురూ ఎన్‌కౌంటర్. అప్పుడు నేను డిగ్రీలో ఉన్న. చౌరస్తాలో లడ్డూలు పంచినం. పంచింది తప్పని ఇప్పటికీ అనను, అనలేను. కానీ దిశ కేసు ఎన్‌కౌంటర్ మీద 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక వచ్చినప్పుడు ఆ కాపీలు నా దుకాణంలోనే తీసిన. పేజీలు సర్దుకుంటూ కొంచెం చదివిన. కావాలనే కాల్చారని రాశారు. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని రాశారు. ఆ సెట్టుకు స్టేపుల్ కొట్టి ఇచ్చేసిన. అంతే, ఇంకేం చెప్పను.

స్టూడెంట్ తమ్ముడూ, నిఠారి సంగతి నాకు తెల్వదు. అది నిజమైతే మరి ఆ పిల్లలను చంపిందెవరు? అది కూడా ఎవరన్నా చెప్పాలె కదా.

నల్లకోటు_1994 | మంగళవారం, రాత్రి 10:40

ఈ థ్రెడ్‌లో అందరికంటే మంచి ప్రశ్న అదే. తప్పుడు మనిషిని పట్టుకుంటే అసలువాడు తప్పించుకున్నట్టే. పోలీసు దర్యాప్తు సరిగా లేకపోతే నష్టం రెండు ఇళ్లకూ.

ఉరి ఆపడం అంటే అందరికీ అర్ధరాత్రి సుప్రీంకోర్టు గుర్తొస్తుంది. 2015 జూలైలో ముంబై పేలుళ్ల దోషి యాకూబ్ మెమన్ కేసు తెల్లవారుజామున మూడింటికి విన్నారు, ఆపలేదు, పొద్దున్నే నాగపూర్‌లో ఉరి తీశారు. నిర్భయ దోషుల వారెంట్ తేదీ మారుతూ మారుతూ 2020 మార్చి 20కి వచ్చింది. టీవీలో అదంతా లాయర్ల నాటకంలా కనిపించింది. కొంత నాటకం ఉందనే నా అభిప్రాయం, దాచుకోను. కానీ ఆ ఆటలో నిబంధనలు కూడా లాయర్లు కొట్లాడి తెచ్చుకున్నవే. 2014 శత్రుఘ్న్ చౌహాన్ తీర్పులో ఒకేసారి పదిహేను మందికి ఉరి తప్పింది. క్షమాభిక్ష తిరస్కరించాక ఉరికి కనీసం 14 రోజులు గడువివ్వాలి, ఇంటివాళ్లకు కబురు చేయాలి, చివరిసారి కలవనివ్వాలి అన్నది అక్కడి నుంచే. ఆ ఏడాదే ఉరి కేసుల్లో రివ్యూ పిటిషన్లు, అంటే తీర్పు మళ్లీ చూడమనే అర్జీలు, బహిరంగ కోర్టులో వినాలని ఇంకో తీర్పు వచ్చింది. అంతకు ముందు జడ్జీలు గదిలో కూర్చుని కాగితం తిప్పి కొట్టేసేవారు. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 472లో గవర్నర్‌కు 30 రోజుల్లో అర్జీ, అక్కడ కాదంటే 60 రోజుల్లో రాష్ట్రపతికి అని గడువులు పెట్టారు. జైల్లో ఉన్న చదువురాని మనిషికి 30 రోజులంటే ఎంత? వకాలత్ మీద వేలిముద్ర రావడానికే పది రోజులు.

నాకు నచ్చని సంగతి కూడా చెప్తాను. ఉరి తప్పించడానికి కోర్టులు 2008 నుంచి ఒక మధ్యదారి పట్టాయి. ఇరవై ఐదేళ్లు, ముప్ఫై ఏళ్లు, లేదా చచ్చేదాకా విడుదల లేని జైలు. 2015లో రాజ్యాంగ ధర్మాసనం కూడా సరే అంది. మేము ఉరి తగ్గిందని సంబరపడి ఇంటికొచ్చాం. కానీ ఏ ఆశా లేకుండా ముప్ఫై ఏళ్లు లోపల ఉంచడం దయ అవుతుందా అని అప్పుడు ఎవరం గట్టిగా అడగలేదు. 2015లోనే లా కమిషన్ 262వ నివేదికలో ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం చేసే నేరాలు తప్ప మిగతా వాటికి ఉరి తీసేయమంది. అది అలాగే ఉంది.

హన్మకొండ_జూనియర్ | తర్వాతి సోమవారం, రాత్రి 9:05

ఊరికి వెళ్లొచ్చాను. గుర్తుపట్టకుండా కొన్ని మార్చి రాస్తున్నా.

వాళ్లమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేనెవరో చెప్పినా చెయ్యి ఆగలేదు. తునికాకు కత్తిరించడం, పొగాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, మళ్లీ ఆకు. "మాపటికి వెయ్యి కావాలె బిడ్డా, నువ్వడుగు, నేను చెప్త" అంది. భర్త దుబాయ్ పోయి రెండేళ్లు డబ్బు పంపాడట, తర్వాత కబురు లేదు. వీడు ఐదో తరగతిలో బడి మానేశాడు. జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి, ఊరి ఆరెంపీ సూది వేశాడు, కాగితం లేదు. ఎంత వయసప్పుడు అంటే "చెరువు తెగిన ఏడాది" అంది. నేను రాసుకోవడం ఆపి ఆమె వైపు చూశాను. అప్పుడు చెయ్యి ఆగింది. "గా పిల్ల తల్లి ముంగట నేనే మొకం పెట్టుకోను సారూ. వాన్ని ఇడిశిపెట్టుమని నేను ఎవల్నీ అడుగుత లేను" అంది. మళ్లీ ఆకు తీసుకుంది.

బడికి వెళ్లాం. హెడ్మాస్టర్ ఇనుప బీరువా తీస్తే చెదలు. పాత అడ్మిషన్ రిజిస్టర్ రెండు ముక్కలైంది. ఒక గంట వెతికితే పేరు దొరికింది. చివరి గడిలో, బడి మానడానికి కారణం అన్నచోట, ఎవరో టీచర్ ఎర్ర ఇంకుతో "తల్లితో బీడీ పనికి" అని రాశారు. అంతే రాసి ఉంది. మూడున్నరేళ్లు నడిచిన ట్రయల్‌లో ఈ కాగితం ఎవరూ చూడలేదు.

లా_స్టూడెంట్_కేయూ | సోమవారం, రాత్రి 9:22

పుట్టిన తేదీ గడి సరిగ్గా చూశారా అన్నా? మహారాష్ట్రలో ఒకాయన ఉరిశిక్షతో 28 ఏళ్లు జైల్లో ఉన్నాక, నేరం నాటికి మైనరేనని 2023లో సుప్రీంకోర్టు బడి రిజిస్టర్ చూసే వదిలింది.

హన్మకొండ_జూనియర్ | సోమవారం, రాత్రి 9:30

చూశాను. మైనర్ కాదు, పెద్దవాడే. సీనియర్ గారు కూడా ముందు ఆ గడే చూశారు. "ఇది ఉరిని ఆపే కాగితం కాదు, కానీ ఫైల్లో ఉండాల్సిన కాగితం" అన్నారు.

జనగామ_అక్క | సోమవారం, రాత్రి 10:03

అవతలి ఇంటికి వెళ్లావా?

హన్మకొండ_జూనియర్ | సోమవారం, రాత్రి 10:11

లేదక్కా. నిందితుడి వైపు నుంచి మేము వెళ్తే బెదిరించినట్టో బతిమాలినట్టో అవుతుందని సీనియర్ వద్దన్నారు. అదే వీధి చివర ఉంది ఆ ఇల్లు. గేటుకు తాళం లేదు. తల వంచుకుని దాటి వచ్చాను.

జనగామ_అక్క | సోమవారం, రాత్రి 10:15

మంచి పని చేశావు. మా ఇంటికి ఎవరైనా అలా వచ్చి ఉంటే నేను చెప్పు తీసేదాన్ని. మీ అమ్మ మాట్లాడుతోందా?

హన్మకొండ_జూనియర్ | సోమవారం, రాత్రి 10:19

బీడీల సంగతి చెప్పాను. "వెయ్యికి ఎంతిస్తున్నరట ఇప్పుడు?" అని అడిగింది. పెళ్లికి ముందు మా అమ్మ కూడా చుట్టేదట, నాకు నిన్ననే తెలిసింది. పని గురించి ఇంకా ఏమీ అనలేదు.

కాజీపేట_జంక్షన్ | సోమవారం, రాత్రి 10:44

ఆ రిజిస్టర్ చెదలు పట్టిందన్నావు కదా, ఫీడర్‌లో వేస్తే చిరిగిపోతది. అద్దం మీద పెట్టి ఒక్కో పేజీ తీయాలె, ఎర్ర ఇంకు సరిగ్గా పడాలంటే కలర్ తీయాలె. రేపు పది గంటలకు దుకాణానికి పట్టుకురా, నేనే తీస్తా. కలర్ పేజీకి పది రూపాయలు. తగ్గించేది లేదు.